దయ్యం ఇంగ్లీషు

అక్టోబరు వస్తే చాలు, ఫోన్లలో 'హాలోవీన్ ఇడియమ్స్' పట్టికలు తిరగడం మొదలవుతుంది. ఎడమ పక్క జాతీయాలు, కుడి పక్క అర్థాలు, మధ్యలో కోరలు తీసిన గుమ్మడికాయ. యాప్రాల్‌లో మా డాబా మీద సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లీషు చెప్పుకునే నాకు ఆ పట్టికలు గిట్టవు. బట్టీ పడితే మార్కులొస్తాయేమో గానీ మాట రాదు.

అందుకే నేను ముందు దయ్యం కథ చెప్పమంటాను. సెల్ఫ్ ఇంట్రడక్షన్ అనగానే నీళ్లు నమిలే పిల్లలు కూడా దయ్యం అనేసరికి గొంతు సవరించుకుంటారు. తొంభైల్లో ఊళ్లలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్న సంగతి అమ్మమ్మల దగ్గర విన్నవాళ్లే అందరూ. మొన్న ఒక నర్సింగ్ విద్యార్థిని అదే కథ ఎత్తుకుంది. అర్ధరాత్రి తలుపు చప్పుడైంది, మావయ్య తీశాడు, గుమ్మంలో ఎవరూ లేరు. "హిజ్ ఫేస్..." అని ఆగిపోయి, "కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు మేడమ్, దాన్నేమంటారు?" అంది. అప్పుడిచ్చాను 'వైట్ ఆజ్ ఎ షీట్'. అవసరం పడ్డప్పుడు చేతికందిన మాట కదా, నిలిచింది. తర్వాత ఇంజెక్షన్ చూసి బెదిరిపోయిన పేషెంటు గురించి చెబుతూ, నేను గుర్తు చేయకుండానే వాడింది.

అర్థం తెలియడం సగమే. ఎవరితో, ఎక్కడ అనాలన్నదే అసలు చిక్కు. 'గివ్ అప్ ద ఘోస్ట్'లో ఘోస్ట్ అంటే దయ్యం కాదు, ప్రాణం. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో గంభీరంగా వినిపించే ఈ మాట ఇప్పుడు ఎక్కువగా పాత ఫ్రిజ్జులకూ మొరాయించిన బళ్లకూ దిగింది. స్కూటర్ ఆగిపోతే అనండి, పరామర్శకు వెళ్లిన ఇంట్లో మాత్రం వద్దు. 'ఓవర్ మై డెడ్ బాడీ' మన 'నా కంఠంలో ప్రాణముండగా' లాంటిదే. సినిమాలో బాగుంటుంది, మేనేజరుకు రాసే మెయిల్లో కాదు.

పట్టికల వెంట వచ్చే పుట్టుకథలు మరీ అన్యాయం. బతికున్నవాళ్లను పొరపాటున పూడ్చేసేవారట, అందుకని శవపేటికలో తాడు పెట్టి పైన గంట కట్టేవారట, 'డెడ్ రింగర్' (అచ్చుగుద్దినట్టుండే పోలిక), 'సేవ్డ్ బై ద బెల్' (ఆఖరి క్షణంలో గట్టెక్కడం) అలా పుట్టాయట. కథ రంజుగానే ఉంది, నిజం కాదు. రింగర్ అనేది గుర్రప్పందాల మాట. ఒక గుర్రం పేరుతో దించిన మరో గుర్రం అది. డెడ్ అంటే అక్కడ అచ్చంగా అని. రెండోది బాక్సింగ్ గంట.

మా యాప్రాల్ చుట్టుపక్కల ఆర్మీలో పనిచేసి రిటైరైనవాళ్లు ఎక్కువ. వాళ్లతో మాట్లాడుతుంటే నాకు కెప్టెన్ కార్ గుర్తొస్తాడు. మద్రాసు సైన్యంలో ఉద్యోగి, మన భాష నేర్చుకున్నవాడు. 1868లో 'ఆంధ్రలోకోక్తి చంద్రిక' పేరుతో తెలుగు సామెతలను అచ్చువేశాడు. అనువాదంతో సరిపెట్టలేదు. అవసరమైన చోట సామెతను ఏ సందర్భంలో అంటారో వివరించాడు, సాటివచ్చే ఇతర భాషల సామెతలు పక్కన పెట్టాడు. ఇప్పటి పట్టికల్లో కొరవడింది సరిగ్గా ఆ సందర్భమే.

ఈ కాలపు మాట 'ఘోస్టింగ్'ను మాత్రం నేను నేర్పక్కర్లేదు. 2017లో మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువులోకి ఎక్కింది, మా పిల్లలకు అంతకుముందే అనుభవంలోకి వచ్చింది. ఇంటర్వ్యూ చేసి, 'మళ్లీ చెబుతాం' అని, ఫోనెత్తని కంపెనీలు తక్కువా!

నేర్చుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఇలాంటివి విని అర్థం చేసుకోవడానికి ఎన్నయినా పోగేసుకోండి, నోటితో అనడానికి మాత్రం రెండు మూడు చాలు. అర్ధరాత్రి పనిని 'గ్రేవ్‌యార్డ్ షిఫ్ట్' అంటారని తెలిసి ఉండాలి. కానీ ఇంటర్వ్యూలో ఆ పని చేస్తారా అని అడిగితే జవాబులో 'నైట్ షిఫ్ట్' అనే అనండి.