కైపర్ బిగించిన చక్రాలు

1880 అక్టోబర్ 20న ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక పాత చర్చిలో అబ్రహాం కైపర్ తాను స్థాపించిన విశ్వవిద్యాలయాన్ని ప్రారంభిస్తూ ప్రసంగించారు. పాస్టరుగా, పత్రికా సంపాదకుడిగా, పార్లమెంటు సభ్యుడిగా పనిచేసిన అనుభవం అప్పటికే ఆయనకుంది. తర్వాత 1901 నుంచి 1905 దాకా నెదర్లాండ్స్ ప్రధాని అయ్యారు. బైబిలును అక్షరాలా నమ్మే సంప్రదాయ క్రైస్తవుడు రాజకీయాల్లోకి దిగితే ఏం చేయాలన్న ప్రశ్నకు, అంత పనితనంతో జవాబు చెప్పినవారు నాకు మరొకరు కనబడలేదు. అందుకే ఆ జవాబును విప్పి, భాగం భాగంగా చూడాలనిపిస్తుంది.

మొదటి భాగం, అధికారం ఎక్కడిదన్న ప్రశ్న. సర్వాధికారం దేవునిదే. ఇక్కడిదాకా ఏ విశ్వాసి అయినా చెబుతాడు. కైపర్ నేర్పు ఆ తర్వాతి మెట్టులో ఉంది. దేవుడు ఆ అధికారాన్ని మూటగట్టి ఏ ఒక్కరి చేతికీ ఇవ్వలేదన్నారు ఆయన. కుటుంబానికి, సంఘానికి, చదువుకు, వ్యాపారానికి, కళకు దేని వాటా దానికి నేరుగా అందింది. బిడ్డ మీద తండ్రికున్న హక్కు ప్రభుత్వం దయతలచి ఇచ్చింది కాదు. పండితుడు సత్యాన్ని వెతకడానికి మంత్రి అనుమతి అక్కర్లేదు. అదే లెక్కన, చర్చికి కూడా రాజ్యాన్ని ఏలే హక్కు లేదు. ప్రభుత్వాన్ని కట్టడి చేసిన సూత్రంతోనే తన సంఘాన్నీ కట్టడి చేశారాయన. నేను ఎక్కువగా మెచ్చుకునేది ఈ కొలతనే.

రెండో భాగం, ఇవన్నీ ఒకదానితో ఒకటి ఎలా కలుస్తాయన్నది. దీనికి ఆయనే ఆ 1880 ప్రసంగంలో పళ్ళ చక్రాల పోలిక వాడారు. ఏ చక్రం దాని ఇరుసు మీద అదే తిరుగుతుంది. కానీ పళ్ళు ఒకదాంట్లో ఒకటి పట్టుకుంటాయి కాబట్టి ఒకటి కదిలితే పక్కది కదలక తప్పదు. మరి ఒక చక్రం పక్కదాన్ని నలిపేస్తే? ప్రభుత్వం పని అక్కడే మొదలవుతుంది. 1898లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఆ పనిని మూడుగా తేల్చి చెప్పారు. రంగాల మధ్య తగవు వస్తే ఎవరి హద్దుల్లో వాళ్ళను నిలపాలి. ఏ రంగంలోనైనా బలవంతుడు బలహీనుణ్ణి అణచివేస్తే లోపలికి వెళ్ళి కాపాడాలి. దేశం నిలవడానికి కావలసిన భారాన్ని అందరిచేతా మోయించాలి. అంటే ఇది ప్రభుత్వాన్ని తరిమేసే సిద్ధాంతం కాదు.

సిద్ధాంతం ఒక ఎత్తు, దాన్ని జనంలో నడిపించడం ఒక ఎత్తు. 1872లో ఆయన 'దె స్టాండార్డ్' దినపత్రిక మొదలుపెట్టారు. పొడవాటి సంపాదకీయాలతోపాటు మూడు నక్షత్రాల గుర్తుతో చురుకైన చిన్న వ్యాఖ్యలు అందులో వచ్చేవి. పెద్ద చదువులు లేని చిన్న రైతులూ కొట్ల యజమానులూ కూడా వాటిని చదివి వాదనకు దిగగలిగేవారు.

1878లో అసలు పరీక్ష వచ్చింది. ఉదారవాదుల ప్రభుత్వం బడుల ప్రమాణాలను పెంచుతూ చట్టం తెచ్చింది. ప్రభుత్వ బడులకు ఖజానా తోడుంటుంది, మతసంస్థల బడులు మాత్రం అవే ప్రమాణాలను సొంత ఖర్చుతో అందుకోవాలి. దాని మీద సంతకం చేయొద్దని రాజును వేడుకుంటూ విన్నపం తయారైంది. ఐదు రోజుల్లో 3 లక్షలకు పైగా ప్రొటెస్టెంట్లు సంతకాలు పెట్టారు. ఆ రోజుల్లో ఆ దేశంలో ఓటున్నవాళ్ళు అందులో సగం కూడా లేరు. అయినా ఆగస్టు 17న రాజు చట్టానికి ఆమోదం తెలిపాడు.

ఓడిపోయిన ఆ ఉద్యమంలో ఒక్క మేకు కూడా వృథా పోనివ్వలేదు కైపర్, ఆయన తోటివారు. సంతకాలు సేకరించిన ఊరూరి కమిటీలే బడుల కోసం చందాలు పోగుచేసే సంఘానికి పునాది అయ్యాయి. 1879 ఏప్రిల్ 3న ఏర్పడిన యాంటీ రెవల్యూషనరీ పార్టీకి అండగా నిలబడిన బలమూ అవే. ఆ పేరులోని విప్లవం 1789 నాటి ఫ్రెంచి విప్లవం. దేవుణ్ణి పక్కనపెట్టి మనిషి ఇష్టమే చట్టమన్న ఆలోచనకు తాము వ్యతిరేకమని దాని అర్థం. ఆ పార్టీ శతాబ్దాల వైరం పక్కనపెట్టి కాథలిక్కులతో చేతులు కలిపింది. 1889లో మతసంస్థల బడులకు తొలిసారి కొంత ప్రభుత్వ సాయం దక్కింది. 1917 రాజ్యాంగ సవరణ రెండు రకాల బడులకూ సమాన నిధులు ఖాయం చేసింది. మగవాళ్ళందరికీ ఓటు ఇవ్వడం ఆ ఒప్పందంలో రెండో వైపు. బడులకు సమాన నిధులను అమలుచేసే చట్టం 1920లో వచ్చింది. అదే ఏడు నవంబరులో కైపర్ కన్నుమూశారు.

ఏర్పాటు తీరు చూడండి. బడి తల్లిదండ్రుల సంఘానిది, బోధనలోని విశ్వాసం వాళ్ళది. జీతాలు ఖజానావి, చదువు నాణ్యతను చూసే తనిఖీ ప్రభుత్వానిది. మన ఎయిడెడ్ బడులు తెలిసినవారికి ఈ అమరిక కొత్తగా అనిపించదు. అక్కడ మాత్రం అది దయాదాక్షిణ్యాల మీద ఆధారపడకుండా రాజ్యాంగంలోకెక్కింది.

ఈ యంత్రం చెడు చేతుల్లోనూ పడింది. జాతుల గురించి కైపర్ రాసిన మాటల్లో తెల్లజాతి ఆధిక్య భావన ఉంది, దాన్ని సమర్థించలేం. దక్షిణాఫ్రికాలో కొందరు 'జాతి' కూడా దేవుడిచ్చిన ఒక రంగమేనని చేర్చి వర్ణవివక్షకు వాదన కట్టారు. ఆయన చెప్పిన రెండో విధిని, బలహీనుణ్ణి కాపాడే ప్రభుత్వ బాధ్యతను, తీసి పక్కన పెడితేనే ఆ వాదన నిలుస్తుందని నా అభిప్రాయం.

తన బిడ్డను తన విశ్వాసంలో చదివించుకునే హక్కును కైపర్ తన వాళ్ళకు మాత్రమే అడగలేదు. అందుకే 1980ల చివర్లో నెదర్లాండ్స్‌లో ముస్లిం తల్లిదండ్రులు, సూరినామ్ నుంచి వచ్చిన భారత సంతతి హిందువులు తమ పిల్లల కోసం బడులు తెరవాలనుకున్నప్పుడు కొత్త చట్టం కోసం ఎదురుచూడాల్సిన పని రాలేదు. కాల్వినిస్టు ప్రొటెస్టెంట్లూ కాథలిక్కులూ పోరాడి రాయించుకున్న అదే రాజ్యాంగ అధికరణ కింద దరఖాస్తు పెట్టుకున్నారు.