నాళిక సాక్ష్యము

1965లో కోలారు బంగారు గనులలో జరిగిన న్యూట్రినో ప్రయోగమును గురించి మనవారు వ్రాయునప్పుడు గని లోతు తప్పక చెప్పుదురు. అక్కడ వెలుగును పట్టిన నాళికలను ఎందుకు నమ్మవచ్చునో చెప్పుట అరుదు. ఇది చిన్న లోపము కాదు. ఆ సంగతి విడిచినచో విద్యార్థికి మిగులునది గర్వమే కాని విజ్ఞానము కాదు.

బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థ, జపానులోని ఒసాకా సిటీ, ఇంగ్లండులోని డర్హమ్ విశ్వవిద్యాలయముల శాస్త్రజ్ఞులు—మేనన్, శ్రీకంఠన్, రమణమూర్తి, మియాకే, వుల్ఫెండేల్ మొదలైనవారు—సుమారు 2.3 కిలోమీటర్ల లోతున ప్లాస్టిక్ పలకలను రెండు నిలువు గోడలుగా నిలిపిరి. కణము దూసుకొనిపోయినప్పుడు పలక క్షణకాలము మినుకుమనును. ఆ వెలుగులోని ఫోటాన్ ఫోటోమల్టిప్లయర్ నాళికలో ఒక ఎలక్ట్రానును వెడలగొట్టినచో, అది పదిలక్షలుగా పెరిగి విద్యుత్ స్పందమగును.

అయితే చిమ్మచీకటిలో కూడ, కేవలము వేడివలన ఎలక్ట్రాను వెడలి అటువంటి స్పందమునే కలిగించును. పైనున్న రాయి విశ్వకిరణములను అడ్డగలదు. నాళికలోనే పుట్టిన అబద్ధమును అడ్డలేదు.

దీనికి ఉపాయమేమి? నూజివీడు మామిడితోటలో రాత్రివేళ ఒక కాపలావాడు కేకవేసినచో నిద్రమత్తు కావచ్చును. నాలుగు మూలలనుండి నలుగురూ ఒక్కసారే కేకవేసినచో దొంగ వచ్చినట్లే. కోలారులో ఒక్కొక్క గోడనుండి రెండేసి నాళికలు, మొత్తము నాలుగు, ఏకకాలమున స్పందించినప్పుడే లెక్కలోనికి తీసికొనిరి.

ఉదాహరణకు, ప్రతి నాళికా సెకనుకు 1,000 అబద్ధపు స్పందములిచ్చుననీ, ఏకకాలమనగా సెకనులో కోటవవంతనీ అనుకొందము. రెండు నాళికలే ఉన్నచో 5 సెకనులకొక అబద్ధము దాటిపోవును. నాలుగున్నచో సుమారు 8 సంవత్సరములకొకటి! నెలల తరబడి కొద్ది కణములకై కాచుకొన్నవారికి ఈ భేదమే ప్రాణము.

ఈ లెక్కకు రెండు షరతులున్నవి. మొదటిది, ప్రతి నాళిక చీకటి స్పందములనూ, అది పనిచేయబోవు వేడిలోనే కొలువవలెను. పుష్యమాసపు చలిలో వచ్చిన అంకె మామిడికోతల ఎండలో చెల్లదు. రెండవది, నాళికల అబద్ధములు ఒకదానితో ఒకటి సంబంధము లేనివి కావలెను. ఒక కాపలావాని కేక విని తక్కినవారు అరచినచో నలుగురి సాక్ష్యము ఒక్కరి సాక్ష్యమే. అట్లే ఒకే విద్యుత్ సరఫరాలోని కుదుపు నాలుగింటినీ ఒక్కసారే కదిలించవచ్చును. కనుకనే నమూనా పరికరమును విడిభాగములుగానే కాక, మొత్తముగా కూర్చి పరీక్షింపవలెను.

ఉపాధ్యాయులు కోలారు కథ చెప్పునప్పుడు లోతుతోపాటు ఈ ప్రశ్నకూడ అడిగించవలెను: వెలుగు లేనప్పుడు ఈ పరికరము ఏమి చెప్పును?