తూము కాడి మనిషి

రాత్రి దీపం ఆర్పేశాక ఫోనులో కథ పెట్టుకుని, వింటూ వింటూ నిద్రపోయేవాళ్లు ఈమధ్య పెరిగారు. ఆ కథల్లో ఒక రకం ఉంది. అందులో చెప్పేదల్లా ఒకప్పుడు ఉండి ఇప్పుడు దాదాపు కనుమరుగైన కొలువుల దినచర్య. సముద్రం ఒడ్డున దీపస్తంభం కాపరి పొద్దుగూకే వేళ వత్తి కత్తిరించి, అద్దం తుడిచి, నూనె పోస్తాడు. లండన్ వీధుల్లో గ్యాసు దీపాలు ముట్టించే మనిషి పొడవాటి కర్ర పట్టుకుని ఒక్కో స్తంభం దగ్గరా ఆగుతాడు. ఇంగ్లండు మిల్లు పట్నాల్లో ఇంకొకడు తెల్లవారకముందే వెదురుగడతో మేడమీది కిటికీలు తట్టి కూలీలను లేపుతూ పోతాడు. వీటిలో హత్యలుండవు, మలుపులుండవు. పని మొదలవుతుంది, నెమ్మదిగా సాగుతుంది, ముగుస్తుంది. ముగిసేదాకా మేలుకుని వినేవాళ్లు తక్కువ.

రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాటి అలియాబాద్ దిక్కు పోయేవాళ్లకు ఇలాంటి కథ కోసం లండన్ దాకా వెళ్లాల్సిన పని లేదు. దారిలోనే శామీర్‌పేట చెరువు కనిపిస్తుంది. నిజాం కాలంలో కట్టిన చెరువు అది. ఇప్పుడు దాని చుట్టుపక్కల జింకల పార్కు, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, ఇంకొంచెం ముందుకు పోతే తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ మందుల కంపెనీలు. సెలవు రోజున జనం కార్లాపి కట్ట మీద ఫొటోలు దిగుతారు. ఆ ఫొటోల్లో పడని మనిషి ఒకడున్నాడు. తెలంగాణలో చెరువున్న చోటల్లా ఉండినవాడే. నీరటి.

నీరటి పొద్దు ఊరి పొద్దుకన్నా ముందే పొడిచేది. భుజాన గొంగడి, చేతిలో పార. మొదట కట్ట మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా నడవాలి. నడకలో చూపంతా నేల మీదే. ఎలుక బొక్కలు, ఎండ్రకాయల బొరియలు, కట్టకు వేరు దన్ని పగులు తెచ్చే చెట్లు, ఎక్కడైనా కొత్తగా తడి. కట్ట వెనక ఊట దిగడం మామూలే. ఆ ఊట తేటగా ఉంటే నీరటి ముందుకు నడుస్తాడు. బురద రంగులో ఉంటే ఆగుతాడు. కట్ట కడుపులోని మట్టి కొట్టుకుపోతోందన్నమాట. గండి అట్లాగే మొదలవుతుంది.

ఆ తరవాత తూము. పాత చెరువుల్లో కట్టకు లోపలివైపు, నీళ్లలో రెండు రాతి స్తంభాలు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటి మధ్య అడ్డంగా రాతి పలకలు, పలకల్లో రంధ్రాలు. రంధ్రాల గుండా ఒక కర్ర దిగుతుంది, కర్ర అడుగున బిరడా. బిరడా లేస్తే నీళ్లు కట్ట కింది నుంచి కాలువలోకి పడతాయి, దిగితే ఆగుతాయి. ఎంత లేపాలి, ఎంతసేపు ఉంచాలి అన్నదే విద్య. కొన్ని తూముల దగ్గర నీరటి నీళ్లలోకి దిగి, మునిగి, చేత్తో తడిమి బిరడా కదపాల్సి వచ్చేది. కార్తీకపు చలిలోనూ అంతే.

నీళ్లు వదిలాక అసలు నడక మొదలు. కాలువ వెంట పోతూ తుంగ పీకడం, ఒండు ఎత్తిపోయడం, ఒక మడి నిండగానే ఒడ్డు మూసి పక్క మడికి గండి కొట్టడం. ఆయకట్టులో తూముకు దగ్గరున్న రైతుకు తొందర ఉండదు, కొసన ఉన్న రైతుకు ఆత్రం ఆగదు.

“నా మడికి ఇంకా తడి తగుల్తలేదు!”

“జర ఆగు బాపూ, పై మడి నిండినంక ఇడుస్త.”

ఏళ్ల తరబడి ఊరి నీటి తగాదాలు ముదరకుండా ఆగింది ఇలాంటి రెండు ముక్కల దగ్గరే. స్పెయిన్‌లోని వలెన్సియాలో కాలువ నీటి తగవులు తీర్చే రైతుల న్యాయస్థానం ఒకటి ఉంది. ప్రతి గురువారం మధ్యాహ్నం పెద్ద చర్చి వాకిట్లో కూర్చుంటుంది. వాదన, తీర్పు అన్నీ నోటిమాటగానే. 2009లో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. మన నీరటికి వాకిలీ లేదు, వారమూ లేదు. ఒడ్డు మీద పార ఊని నిలబడితే అదే కచేరీ. ఏ జాబితాలోనూ అతను లేకపోవడం ఈ కాలమ్‌కు బాధగానే ఉంది.

ఏడాది పొడుగునా పని ఒక్కతీరున ఉండదు. మృగశిర కార్తె ముందు కాలువలు బాగుచేయించాలి. వానాకాలం ఆబి పంట, యాసంగిలో తాబి పంట. చెరువు సగమే నిండిన ఏడు తాబికి ఎన్ని ఎకరాలు నాటాలో ముందే కూర్చుని తేల్చుకునేవాళ్లు. దాన్ని తైబందీ అనేవాళ్లు. ఆ కూర్చోవడంలో పటేలు, పట్వారీ మాటే పెద్దది. కానీ చెరువులో నీళ్లు ఎన్నాళ్లొస్తాయో ఒళ్లెరిగి చెప్పగలిగినవాడు రోజూ తూములోకి దిగే మనిషే. రాతి స్తంభం మీద పాచి గీత ఎక్కడుందో చూసి లెక్క కట్టేవాడు. ఇప్పుడు ఇంజినీర్లు స్కేలు పాతి చదివేదీ ఆ గీతనే.

అన్నిటికన్నా పెద్ద పని వాన రాత్రిది. ఊరు తలుపులేసుకుంటుంది. నీరటి కందిలి పట్టుకుని కట్టెక్కుతాడు. మత్తడి దుంకిందంటే ఊరికి పండగే, అతనికి మాత్రం పరీక్ష. మత్తడి మీంచి పోయే నీళ్లకన్నా వచ్చే నీళ్లు ఎక్కువైతే చెరువు కట్ట మీంచే పొర్లుతుంది. మట్టి కట్ట మీంచి నీళ్లు పొర్లితే ఇక నిలిచేది లేదు. కట్ట మైసమ్మకు మొక్కి, బొరియల్లో మట్టీ గడ్డీ కూరి, ఊరివాళ్లను ఎప్పుడు లేపాలా అని చూస్తూ కూర్చోవాలి. ముందే లేపితే తిడతారు. ఆలస్యమైతే తిట్టడానికి ఊరే ఉండదు.

ఇది ఊహించి రాసిన భయం కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచింది. ఆ వరద సంగతి తేల్చడానికి వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నట్టు లెక్క తీశారు. అంటే దాదాపు చదరపు మైలుకు ఒకటి. వాటిలో 221 తెగిపోయాయని తేల్చారు. ఒకటి తెగితే దాని నీళ్లు కింది చెరువు మీద పడతాయి. అదీ తెగుతుంది. ఆ వరద తరవాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. మూసీ వరద గురించి రాసినవాళ్లు నగరంలో చింతచెట్టెక్కి బతికినవాళ్ల గురించి రాశారు. ఎగువన ఆ రాత్రి కట్టల మీద కందిలి పట్టుకుని నిలబడినవాళ్ల గురించి ఎవరూ అంత శ్రద్ధగా రాయలేదు.

కట్ట గురించిన ఈ భయం ఇంకా పాతది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు గురించి 1369 నాటి శాసనం ఉంది. విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించింది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అందులో వరసగా చెప్పారు. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని కూడా రాశారు. కట్ట నుంచి నీరు కారడం ఆ దోషాల్లో ఒకటి. శాసనం చెక్కినవాళ్లకు తెలిసిన ఆ దోషాన్ని ఆరున్నర శతాబ్దాలుగా రోజూ పొద్దున్నే వెతికింది కట్టమీద నడిచిన మనుషులే.

పడకవేళ కథకు ఇంతకన్నా ఏం కావాలి? అడుగుల చప్పుడు ఉంది, నీటి గలగల ఉంది, ఒకే పని మళ్లీ మళ్లీ చేయడంలోని లయ ఉంది. అయితే ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. ఈ కథను మెత్తగా, తియ్యగా చెప్పాలనే ఆశలో ఆ మనిషి ఎవరో చెప్పడం మానేస్తారు.

చాలా ఊళ్లలో నీరటి పని దళిత కుటుంబాలది. తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. జీతం ఉండేది కాదు. కొద్దిపాటి ఇనాం భూమి, పంట కోశాక కల్లం కాడ రైతులు కొలిచే గింజలు, అంతే. అధికారి ఊళ్లోకి వస్తే మూటలు మోయడం, చెప్పిన చోటికి కబురు తీసుకుపోవడం లాంటి వెట్టి ఊరి సేవకులందరితో పాటే అతనికీ తప్పేది కాదు. ఆంధ్ర మహాసభ నిజాం రాజ్యంలో ఏళ్ల తరబడి కొట్లాడింది ఈ వెట్టి మీదే. ఇంకొకటి కూడా ఉంది. ఊరి పొలాలన్నిటికీ నీళ్లు పంచిన చేతులకు చాలా ఊళ్లలో పెద్దకులాల చేదబావి తాడు ముట్టుకునే హక్కు లేదు. ఈ మాట చెబితే వినేవాడి నిద్ర చెడుతుందంటే చెడనీయాలి. ఒకరి జాగారం మీద ఊరంతా నిద్రపోయింది. దాన్ని కథగా వింటూ ఇప్పుడు మళ్లీ నిద్రపోయేవాళ్లకు అది ఎవరి జాగారమో తెలియడం న్యాయం.

ఇలాంటి మేలుకునే కొలువు ఇంకొకటి ఉండేది. మెల్లగా చదివి వినిపించడానికి అది కూడా బాగుంటుంది. అడుగున సన్నటి రంధ్రం ఉన్న రాగి గిన్నెను నీళ్ల తొట్టిలో వదిలితే కొద్దికొద్దిగా నిండి ఒక గడియకు మునుగుతుంది. గడియంటే ఇరవైనాలుగు నిమిషాలు. రోజుకు అరవై. గిన్నె మునగగానే కాపున్న మనిషి లోహపు పళ్లెం మీద కొడతాడు, గిన్నె తీసి ఖాళీ చేసి మళ్లీ వదులుతాడు. బాబరు హిందుస్థానానికి వచ్చినప్పుడు ఈ పద్ధతి చూసి తన ఆత్మకథలో వివరంగా రాసుకున్నాడు. ఇప్పుడా గిన్నెలు మ్యూజియాలకు చేరాయి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఖిల్వత్ గడియారానికి మాత్రం ఇప్పటికీ వారానికోసారి చేత్తో కీ ఇస్తారు.

నీరటి కథ అలా ఏ ప్యాలెస్‌లోకీ చేరలేదు కానీ కాగితాల్లో మిగిలింది. 1955 నాటి తెలంగాణ ప్రాంత ఇనాంల రద్దు చట్టంలో ఊరి సేవకుల ఇనాంల ప్రస్తావన దగ్గర నీరడి అన్న పేరు అచ్చయి ఉంది. 1984లో పటేల్, పట్వారీ పదవులు పోయాయి. ఊరి సేవకులు పేర్లు మారుతూ గ్రామ రెవెన్యూ సహాయకులు, అంటే వీఆర్‌ఏలు అయ్యారు. ఈలోగా బోరుబావులు వచ్చాయి. ఎవరి నీళ్లు వాళ్ల మోటారు స్విచ్చి దగ్గరే ఉన్నప్పుడు పంచేవాడి అవసరం తగ్గింది. చెరువు శిఖాల్లో ప్లాట్లు లేచాయి. 2015లో మిషన్ కాకతీయ మొదలై నలభై ఆరు వేల పైచిలుకు చెరువుల పూడిక తీయాలని లక్ష్యం పెట్టుకున్నప్పుడు తూములు బాగుచేశారు, కట్టలు బలపరిచారు. తూము దగ్గర నిలబడే మనిషి సంగతి మాత్రం ఆ పథకంలో పెద్దగా చర్చకు రాలేదు. 2023లో వీఆర్‌ఏలను వేరువేరు శాఖల్లో సర్దినప్పుడు కొందరు నీటిపారుదల శాఖకు వెళ్లారు. తాత చేసిన పనికి మనవడు తిరిగి చేరడం, అదీ నెలజీతం మీద, ఈ మొత్తం కథలో నిజంగా సంతోషం కలిగించే సంగతి.

నీరటి, నీరడి అన్న ఇంటిపేర్లున్న కుటుంబాలు తెలంగాణ ఊళ్లలో నేటికీ ఉన్నాయి. 1984కు ముందు ఆ పని కళ్లారా చూసినవాళ్లంతా ఇప్పుడు పెద్ద వయసువాళ్లే. పడకవేళ కథలు చేసేవాళ్లు స్టూడియోలో వాన చప్పుడు కలపడానికి ముందు ఒక సాయంత్రం అలాంటి పెద్దమనిషి దగ్గర కూర్చుంటే మేలు. శామీర్‌పేట, అలియాబాద్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఇది ఇంటికి దగ్గర పని కూడా. పెద్ద ప్రశ్నలు అడిగితే పెద్దమాటలే వస్తాయి. చిన్నవి అడగాలి. తూము లోతు ఎన్ని మూరలు? మొదటి నీళ్లు ఏ మడికి, ఆ మడికి పేరేమిటి? చలికాలం నీళ్లలోంచి పైకొచ్చాక ఒళ్లు ఎక్కడ కాచుకునేవాళ్లు? కందిలిలో నూనె ఎవరు పోసేవాళ్లు? మీరు కట్ట మీద ఉన్న రాత్రుళ్లు ఇంట్లో అమ్మ పిల్లలకు ఏం చెప్పి పడుకోబెట్టేది? కల్లం కాడ ఎన్ని కుంచాలు పోసేవాళ్లు, పొయ్యకుండా ఎగ్గొట్టిందెవరు?