మకుటం, మేళం, ఎంపిక: టెలివిజన్ కూర్చిన గాయక బృందాల ఉత్థాన పతనాలు

ఉపోద్ఘాతం

ధర్మపురి శేషప్ప కవి 'నరసింహ శతకం'లో ప్రతి సీసపద్యమూ ఒకే మకుటంతో ముగుస్తుంది. ఆ మకుటంలో కవి పేరు లేదు. ఊరి పేరు, ఆ ఊరి దైవం పేరు ఉన్నాయి. పద్యాన్ని ఎవరు చదివినా, ఎక్కడ చదివినా అది గోదావరి ఒడ్డున ఉన్న ధర్మపురికే చేరుతుంది. పఠితలు మారినా పద్యం నిలకడ చెడదు. ఇదే కవి 'ధర్మపురి రామాయణా'న్ని యక్షగానంగా రచించాడు. యక్షగానం ఒక్కరి గొంతుతో సాగేది కాదు. దానికి మేళం కావాలి. మకుటం, మేళం అనే ఈ రెండు భావనల ఆధారంగా, టెలివిజన్ పోటీల ద్వారా ఏర్పడిన గాయక బృందాలు అంత వేగంగా ఎదిగి అంతే వేగంగా ఎందుకు విచ్ఛిన్నమయ్యాయో, ఆ అనుభవం తెలుగు జానపద గాన పరిశోధనకు ఏ ప్రశ్నలు వేస్తున్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఎంపికతో పుట్టిన బృందం

1999లో న్యూజిలాండ్‌లో 'పాప్‌స్టార్స్' అనే కార్యక్రమం మొదలైంది. పరస్పర పరిచయం లేని గాయకులను పోటీ ద్వారా ఎంపికచేసి, ఒక బృందంగా కూర్చి, ఆ కూర్పు క్రమాన్నే కథగా ప్రసారం చేయడం దాని పద్ధతి. ఈ నమూనా దేశదేశాలకు విస్తరించింది. బ్రిటన్‌లో 2001లో ఏర్పడిన 'హియర్‌సే' తొలి పాటతోనే ప్రథమ స్థానానికి చేరింది. 2002 జనవరిలో కిమ్ మార్ష్ వైదొలగింది. ఆమె స్థానంలో మరొకరిని తీసుకున్నా, అదే సంవత్సరం అక్టోబరుకు బృందం రద్దయింది.

భారతదేశంలో ఛానల్ వి 2002లో ఇదే పద్ధతిలో 'వీవా'ను రూపొందించింది. సీమా రామ్‌చందానీ, ప్రతీచీ మహాపాత్ర, నేహా భసీన్, మహువా కామత్, అనుష్క మన్‌చందా అందులో సభ్యులు. ఒక శీతల పానీయ సంస్థ కార్యక్రమానికి ప్రాయోజకత్వం వహించింది. తొలి ఆల్బం విశేష ఆదరణ పొందింది. తరువాత సీమ వైదొలగగా, మిగిలిన నలుగురితో 2003లో రెండవ ఆల్బం వెలువడింది. అటుపై ఎక్కువ కాలం బృందం నిలవలేదు. మరుసటి విడత పోటీలో ఏర్పడిన 'ఆస్మా' గతి కూడా దాదాపు ఇదే.

అచ్చుమూస వాదం పరిమితి

ఇటువంటి బృందాల పతనానికి విమర్శకులు సాధారణంగా చూపే కారణం వాటి కృత్రిమత్వం. అడోర్నో, హోర్క్‌హైమర్‌లు 1940ల్లో ప్రతిపాదించిన 'సంస్కృతీ పరిశ్రమ' భావన ఈ వాదానికి మూలం. ఒకే అచ్చులో పోసిన సరుకు త్వరగా విసుగు పుట్టిస్తుందన్నది దీని సారాంశం. జానపద సాహిత్య విద్యార్థి ఈ వాదాన్ని యథాతథంగా స్వీకరించడం కష్టం. ఆవృత్తి, సూత్రబద్ధత, స్థిరపడిన వర్ణనలు మౌఖిక కళల లక్షణాలే. నరసింహ శతకం మకుటం కూడా ఆవృత్తే. ఒగ్గు కథలో మల్లన్న కథ ప్రతిసారీ తెలిసిన దారిలోనే నడుస్తుంది. ఆవృత్తి దానంతట అదే పతన హేతువైతే ఈ రూపాలు తరతరాలుగా నిలిచి ఉండేవి కావు.

కాబట్టి కారణాన్ని పాట రూపంలో కాక బృందం ఏర్పడిన తీరులో వెదకాలి. ఒగ్గు మేళంలోకి కొత్తవాడు పోటీలో గెలిచి రాడు. తాళం పట్టి, వంత పాడి, డోలు నేర్చి, చివరకు ప్రధాన కథకుడవుతాడు. పెద్ద కథకుడు తప్పుకున్నప్పుడు మేళంలోనే ఆ స్థానానికి తయారైన మనిషి ఉంటాడు. 'వీవా' సభ్యులు ఒకరినొకరు దాటుకుని వచ్చిన పోటీదారులు. వారిని కలిపినది ఒప్పందం. వారి కింద వంత నేర్చుకుంటున్న తరం లేదు. అందుకే ఒకరు వెళ్తే ఆ స్థానం ఖాళీగా మిగిలింది. 'హియర్‌సే'లో ఆ ఖాళీని నింపినా శ్రోతలకు కొత్త సభ్యుడు పరాయివాడుగానే తోచాడు. ఎంపిక క్రమాన్నే కథగా చూసిన ప్రేక్షకునికి ఆ కథలో లేని మనిషి సభ్యుడు కాలేడు.

దీనికి ఒక ప్రతివాదం ఉంది. 1966లో అమెరికాలో ఒక టెలివిజన్ ధారావాహిక కోసం కూర్చిన 'మంకీస్' బృందం, తమ తొలి ఆల్బంలలో వాద్యాలను ఇతరులు వాయించడాన్ని ప్రతిఘటించి, 1967లో 'హెడ్‌క్వార్టర్స్'లో తామే ప్రధానంగా వాయించింది. కూర్చిన బృందం కూడా నిజమైన మేళం కాగలదనడానికి ఇది నిదర్శనం. అయితే 1968లో ధారావాహిక ముగిశాక ఆ సంవత్సరాంతానికే పీటర్ టార్క్ వైదొలగాడు. ఆ నలుగురూ వాయించడం నేర్చారు గాని, ప్రసారం ఆగాక నిలబెట్టే ఆధారం వారికి దొరకలేదు.

పోషణ, స్వేచ్ఛ

ఆధారమంటే ఆర్థిక పోషణ కూడా. ఉత్తర తెలంగాణలో చిందు మేళాలకు గ్రామాలపై మిరాశి హక్కు ఉండేది. ఆ హక్కు మేళానికి చెందినది. ఒక కళాకారుని కీర్తితో దానికి సంబంధం లేదు. ఈ వ్యవస్థను ఆదర్శంగా చిత్రించడం మాత్రం పొరపాటు. మిరాశి కుల కట్టుబాటులో భాగం. పుట్టుకే అందులో ప్రవేశార్హత. ఆ దృష్టితో చూస్తే, వంశంతో నిమిత్తం లేకుండా అయిదుగురు యువతులకు వేదిక ఇచ్చిన ఎంపిక పద్ధతిలో ఒక స్వేచ్ఛ ఉంది. పుట్టుకకూ విపణికీ భిన్నమైన మూడవ పద్ధతి 1972లో ఏర్పడిన జననాట్యమండలిలో, తెలంగాణ ఉద్యమ కాలపు ధూంధాం బృందాల్లో కనిపిస్తుంది. అక్కడ సభ్యులను కలిపినది ఉమ్మడి లక్ష్యం.

తెలుగు టెలివిజన్: వంత లేని పాట

తెలుగు టెలివిజన్ 'వీవా' వంటి బృందాన్ని నిలబెట్టలేదు. 1996లో ఈటీవీలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నిర్వహణలో మొదలైన 'పాడుతా తీయగా' సినిమా నేపథ్య గానాన్ని గమ్యంగా చూపి, వ్యక్తి గాయకులను తీర్చింది. సినిమా పాటే ప్రధాన విపణి అయిన చోట బృందానికి స్థానం తక్కువ. 'వీవా' విడిపోయాక నేహా భసీన్ సినిమా గాయనిగా స్థిరపడి, '1 నేనొక్కడినే' (2014)లో తెలుగు శ్రోతలకూ వినిపించింది. 'ఆస్మా' సభ్యురాలు నీతీ మోహన్ కూడా నేపథ్య గానంలోనే పేరు పొందింది. బృందం వారికి మజిలీ అయింది.

మా టీవీ 'రేలా రే రేలా' జానపద గీతానికి ఇచ్చిన ప్రాచుర్యం కాదనలేనిది. పల్లె గొంతులు ఇంటింటికీ చేరాయి. కాని పోటీ నియమం వ్యక్తినే కొలుస్తుంది. వంత పాడేవారికి మార్కులు లేవు. ఇక్కడే సాహిత్యపరమైన నష్టం ఉంది. బుర్రకథలో ఇద్దరు వంతలు ప్రధాన కథకుని మాటను తిరిగి పలికి ఊరుకోరు. ఒకరు హాస్యం పండిస్తారు, మరొకరు సమకాలీన రాజకీయ వ్యాఖ్య చేస్తారు. ఒగ్గు కథలోనూ వంత ప్రశ్నిస్తుంది, ఎత్తిపొడుస్తుంది, ఊకొడుతుంది. పాఠంలోపలే ఉన్న విమర్శకుడు వంత. అతణ్ణి తొలగిస్తే మిగిలేది గేయమే, సంవాదం పోతుంది.

ముగింపు

టెలివిజన్ బృందాల పతనం పాటల నాణ్యతకు మాత్రమే సంబంధించినది కాదు. మకుటం వంటి స్థిరమైన ఆధారం, మేళం వంటి వారసత్వ క్రమం లేనప్పుడు ఎంపిక ఎంత నిష్పక్షపాతంగా జరిగినా బృందం నిలవదు. వాల్టర్ ఆంగ్ 'ద్వితీయ మౌఖికత'గా పేర్కొన్న ప్రసార మాధ్యమాల యుగంలో జానపద గేయానికి టెలివిజన్ రికార్డులే ప్రధాన ఆకరాలవుతున్నాయి. వాటిని యథాతథంగా పాఠంగా స్వీకరించే పరిశోధకుడు వంత లేని పాటనే సంప్రదాయంగా నమోదు చేసే ప్రమాదం ఉంది. కనుక గేయ సేకరణలో ప్రధాన గాయకుని పేరుతో పాటు వంత పాడినవారెవరో, వారు ఏ చోట ఏమి పలికారో, ఆ పాట ఊరి మేళంలో ఎలా ఉండేదో కూడా నమోదు కావాలి. ధర్మపురి పరిసరాల్లో ఒగ్గు, చిందు మేళాలతో కలిసి పాడినవారు జీవించి ఉండగానే ఈ పని జరగాలి.