అంచు చూపించకుండా చీర గురించి

మంగళగిరిలో మా మిత్రుడొకడు సినిమాల మీద వీడియోలు చేస్తాడు. రేటింగులివ్వడు. ఒక సీను తీసుకుని కెమెరా అక్కడే ఎందుకు పెట్టారో, ఎడిటర్ అక్కడే ఎందుకు కట్ చేశాడో విడమరిచి చెప్తాడు. పోయినేడాది 14 నిమిషాల వీడియోలో 11 సెకన్ల షాట్ ఒకటి వాడాడు. కాపీరైట్ స్ట్రైక్ పడింది.

ఆ మెయిల్ నాకు ఫార్వర్డ్ చేశాడు. కథల్ని చదివే అలవాటుతోనే దాన్నీ చదివాను. నన్ను ఆపింది దాని క్రియలు. అన్నీ భూతకాలమే: ఫిర్యాదు వచ్చింది, వీడియో తీసేశాం, స్ట్రైక్ వేశాం. ‘మీరేమంటారు?’ అని అడిగేలోపే శిక్ష అమలైపోయింది.

యూట్యూబ్ లెక్కలో 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెలే పోవచ్చు. అభ్యంతరం చెప్పుకోడానికి దారి ఉంది, కౌంటర్ నోటిఫికేషన్ అంటారు. అది వేస్తే ఫిర్యాదు చేసినవాళ్లు 10 పనిదినాల్లో కోర్టుకెళ్లినట్టు చూపించాలి, లేకపోతే వీడియో తిరిగొస్తుంది. వినడానికి బానే ఉంది. “మరి వెయ్యకపోయావా?” అన్నాను.

“నా పేరూ ఇంటి అడ్రసూ వాళ్ల చేతికి వెళ్తాయిరా. లాయర్ నోటీసు గుమ్మంలోకొస్తే మా నాన్న మగ్గం గుంటలోంచి లేచొచ్చి నన్ను తంతాడు.”

నవ్వాం గానీ, ఈ వ్యవస్థ నడిచేది సరిగ్గా ఆ భయం మీదే. ఫిర్యాదు చెయ్యడానికి ఒక ఫారం చాలు. ఎదురు చెప్పడానికి ఇల్లంతా ధైర్యం కావాలి.

మన చట్టం ఇలా లేదు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 విమర్శ కోసం, సమీక్ష కోసం న్యాయంగా వాడుకోవడం ఉల్లంఘన కాదంటుంది. ఆధారం లేకుండా కేసు వేస్తామని బెదిరిస్తే, బెదిరించినవాళ్ల మీదే కోర్టుకెళ్లొచ్చని సెక్షన్ 60 అంటుంది. కానీ ఎంతవరకు న్యాయమో తేల్చాల్సింది కోర్టు. స్ట్రైక్ కోర్టుకి ముందే పడుతుంది.

2025 మేలో మోహక్ మంగల్ అనే యూట్యూబర్ పెట్టిన వీడియోతో ఈ గొడవ దేశమంతా తెలిసింది. కొన్ని సెకన్ల క్లిప్పులకి ఏఎన్ఐ వార్తాసంస్థ స్ట్రైకులు వేసి, వాటిని వెనక్కి తీసుకోడానికి రూ.40 లక్షలకు పైగా అడిగిందని ఆయన ఆరోపణ. మా హక్కుల్ని చట్టప్రకారమే కాపాడుకుంటున్నామని ఏఎన్ఐ జవాబు. ఆ సంస్థ పరువునష్టం దావా వేస్తే, వీడియోలో కొన్ని మాటలు తీసెయ్యాలని ఢిల్లీ హైకోర్టులో తేలింది. మాటల సంగతి అలా తేలింది గానీ, ఆ కొన్ని సెకన్లు వాడుకోవడం న్యాయమా కాదా అన్న అసలు ప్రశ్న అప్పుడు తేలలేదు. ఎవరి పక్షమైనా వహించండి, ఒక్కటి గమనించండి: మూడో స్ట్రైక్ నెత్తిన వేలాడుతుండగా జరిగే బేరంలో ఇద్దరూ సమానులు కారు.

మిత్రుడి నాన్నగారితో ఇదంతా చెప్తే ఆయన ఒప్పుకోలేదు. “మన నిజాం అంచుని మరమగ్గం మీద దింపి అమ్ముకుంటే మనం ఊరుకుంటన్నామా? కష్టం ఎవుడిదైనా కష్టమే కదయ్యా!”

ఆ మాట కొట్టిపారేసేది కాదు. మంగళగిరి నేతకి భౌగోళిక గుర్తింపు ఉందంటే, కాపీ కొడితే కడుపు మాడుతుందని ఈ ఊరికి తెలుసు కాబట్టే. సినిమా మొత్తం ఎక్కించేసేవాడు దొంగే. వాడికి స్ట్రైక్ పడాల్సిందే. కానీ, “మీ అంచు ఎలా నేస్తారో చెప్పడానికి ఎవరైనా మీ చీర కొంగు ఎత్తి చూపిస్తే మీ బేరం పోయినట్టా బాబాయ్?” అనడిగాను. ఆయన కాసేపు ఆగి, “చూపించకుండా ఎట్టా చెప్తాడు?” అన్నారు.

నా వాదనంతా అదే. కవిత్వం మీద రాసేవాళ్లం పద్యపాదాన్ని ఉటంకిస్తాం. నచ్చని కవి వచ్చి ఆ పేజీ చింపెయ్యలేడు. పాఠకుడు పాదం చూసి, మా మాట చూసి, మేం తప్పంటే తప్పంటాడు. సినిమా విమర్శకుడికి షాటే ఉటంకింపు. అది లాక్కుంటే మిగిలేది ‘నాకు నచ్చింది’, ‘నాకు నచ్చలేదు’. ఆ రెండు ముక్కల మీద ఎవరితోనైనా ఏం వాదిస్తాం?

స్ట్రైకుల వల్ల పోయిన వీడియోల్ని లెక్కపెట్టొచ్చు. స్ట్రైక్ పడుద్దేమోనని తియ్యకుండా మానేసిన వీడియోల్ని ఎవరు లెక్కపెడతారు?

మా వాడు ఇప్పుడు క్లిప్పులు వాడట్లేదు. తెల్లగోడ ముందు కూర్చుని, చేతులు తిప్పుతూ మాట్లాడతాడు. మొన్నటి వీడియో చివర ఐదుకి మూడున్నర అన్నాడు.