రాసిన నియమం, రాయని నియమం: షార్లెట్ మట్టి పందెం – చంద్రగిరి పశువుల పండుగ

వ్యాస సంగ్రహం

గ్రామీణ పోటీ ఒకటి నియమావళిలోకి ప్రవేశించినప్పుడు దాని స్వరూపమూ, దానిపై అధికారమూ ఎలా మారుతాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1949లో అమెరికాలోని షార్లెట్‌లో మట్టి ట్రాక్‌పై జరిగిన స్టాక్ కార్ల పందేన్ని, తిరుపతి జిల్లా చంద్రగిరి మండలంలో కనుమ సందర్భంగా జరిగే పశువుల పండుగను పక్కపక్కన ఉంచి చదువుతుంది. నియమాన్ని రాయడం వల్ల నష్టమూ రక్షణా రెండూ కలుగుతాయనీ, రాసే చోట గ్రామం కూడా ఉండాలనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పశువుల పండుగ, జల్లికట్టు, స్టాక్ కార్ పందెం, జానపద క్రీడ, నియమం, కాటమరాజు కథ

1. ఉపోద్ఘాతం

క్రీడను సంస్కృతి పాఠంగా చదివే పద్ధతి విమర్శకు కొత్త కాదు. యోహాన్ హైజింగా 1938లో ఆటను సంస్కృతికి మూలధాతువుగా ప్రతిపాదించాడు. క్లిఫర్డ్ గీర్ట్జ్ 1972లో బాలి ద్వీపపు కోడిపందేన్ని ఆ సమాజం తన గురించి తాను చెప్పుకునే కథగా వ్యాఖ్యానించాడు. రోలాఁ బార్త్ 1961లో ఒక చలనచిత్రానికి రాసిన వ్యాఖ్యానంలో స్పెయిన్ ఎద్దుల పోరునూ, అమెరికా మోటారు పందేన్నీ ఒకే వరుసలో ఉంచాడు. పశువు పరుగునూ యంత్రం పరుగునూ కలిపి చదవడానికి ఆ వరుస దారి చూపుతుంది. క్రీడకు అర్థమేమిటన్నది ఈ పఠనాల ప్రధాన ప్రశ్న. క్రీడ ఎలా ఉండాలో నిర్ణయించే హక్కు ఎవరిదన్నది దానికి పక్కనే ఉన్న మరో ప్రశ్న. చంద్రగిరి ప్రాంతపు పశువుల పండుగ విషయంలో నేడు అత్యవసరమైనది ఈ రెండో ప్రశ్నే.

2. షార్లెట్, 1949

స్టాక్ కారు అంటే పందెం కోసం ప్రత్యేకంగా తయారుచేసినది కాదు. దుకాణంలో ఎవరైనా కొనుక్కోగల మామూలు కారు. అమెరికా దక్షిణాది కొండ ప్రాంతాల్లో ఈ పందేల ఎదుగుదలకు నాటుసారా రవాణాతో గట్టి సంబంధం ఉంది. రాత్రిళ్లు సారా మోస్తూ పోలీసులకు చిక్కకుండా పరుగెత్తిన కార్లే, ఆ చోదకులే సెలవునాడు మట్టి బాటలపై పోటీపడేవారు. బిల్ ఫ్రాన్స్ నాయకత్వంలో 1948లో ఏర్పడిన నాస్కార్ సంస్థ ఈ చెల్లాచెదురు పోటీలను ఒక నియమావళి కిందికి తెచ్చింది.

1949 జూన్ 19న షార్లెట్‌లో ముప్పావు మైలు మట్టి ట్రాక్‌పై 200 చుట్ల పందెం జరిగింది. నాస్కార్ అగ్రశ్రేణి పోటీలకు అదే ఆరంభం. అందరికంటే ముందు గమ్యం చేరినవాడు గ్లెన్ డన్నవే. పందెం ముగిశాక అతని ఫోర్డ్ కారును తనిఖీ చేసి, వెనుక స్ప్రింగులను మార్చినట్లు తేల్చారు. అది సారా రవాణాదారుల పాత మెళకువ. అతని గెలుపును రద్దుచేసి, లింకన్ కారు నడిపిన జిమ్ రోపర్‌ను విజేతగా ప్రకటించారు. కారు యజమాని న్యాయస్థానానికి వెళ్లినా తీర్పు సంస్థకే అనుకూలంగా వచ్చింది.

ఈ ఘటనలో వేగం కంటే నిర్వచనం బలమైనదిగా నిలిచింది. ఏ మెళకువ నుంచి ఆ క్రీడ పుట్టిందో ఆ మెళకువే నియమావళి దృష్టిలో దోషమైంది. ‘మామూలు కారు’ అంటే ఏమిటో చెప్పే అధికారం మెకానిక్ చేతిలోంచి సంస్థ చేతిలోకి మారింది. 1970 సెప్టెంబరులో ర్యాలీ నగరంలో జరిగిన పందెం తరువాత, అర్ధశతాబ్దం పాటు అగ్రశ్రేణి పోటీల్లో మట్టి ట్రాకే లేదు. క్రీడ బతికింది, అది పుట్టిన నేల మాత్రం దూరమైంది.

3. చంద్రగిరి ప్రాంతపు కనుమ

దక్షిణ రాయలసీమలో కనుమ పశువులది. ఆనాడు వాటికి కాడి లేదు. చిత్తూరు ప్రాంతపు పల్లెల్లో మూలికలు, చెట్ల బెరడులు, ఉప్పు కలిపి దంచిన ‘ఉప్పుచెక్క’ను పశువులకు తినిపిస్తారు. కొమ్ములకు రంగులు పూస్తారు. సాయంత్రం కాటమరాజుకు మొక్కి ‘చిట్లాకుప్ప’ వెలిగిస్తారు. చంద్రగిరి మండలం రంగంపేట వంటి ఊళ్లలో ఈ పండుగకు మరో అంకం ఉంది. దేవుళ్లు, సినిమా కథానాయకులు, రాజకీయ నాయకుల బొమ్మలున్న చెక్క పలకలను, వాటితోపాటు డబ్బును పశువుల కొమ్ములకు కట్టి, వీధిలోకి గుంపులుగా వదులుతారు. ఇరువైపులా నిలిచిన యువకులు వాటిని నిలువరించి పలకలను చేజిక్కించుకోవడానికి పోటీపడతారు. మిద్దెలమీద, గోడలమీద జనం నిలబడి చూస్తారు.

పోటీ నిర్మాణం గమనించదగినది. ఇక్కడ చుట్ల లెక్క లేదు. కాలాన్ని కొలిచే గడియారం లేదు. బహుమతిని నిర్వాహకుడు ఇవ్వడు. పశువు యజమానే దాన్ని కొమ్ముకు కట్టి సవాలుగా పంపుతాడు. పలక దక్కినవాడికి అదే సాక్ష్యం. పలక ఎవరికీ చిక్కకుండా పశువు దాటిపోతే ఆ గౌరవం యజమానిది. ఏడాదంతా శ్రమకు సంకేతమైన జీవం ఒక పూట పరువుకు సంకేతమవుతుంది. షార్లెట్‌లో విజేతను కాగితం నిర్ణయించింది. రంగంపేటలో వీధి నిర్ణయిస్తుంది.

4. పేరు చేసిన పని

పత్రికలు, అధికారిక ప్రకటనలు ఈ పండుగను తరచూ ‘జల్లికట్టు’ అంటాయి. తమిళనాడులో ఆ పేరుతో ప్రసిద్ధమైన రూపంలో ‘వాడివాసల్’ అనే ఇరుకు ద్వారం నుంచి ఒక్కొక్క ఎద్దును వదులుతారు. పోటీదారుడు దాని మూపురాన్ని పట్టి నిలవాలి. చంద్రగిరి రూపంలో ఆ ద్వారం లేదు, మూపురం లక్ష్యం కాదు. పొరుగున వేలూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో వీధిలో ఎద్దులను పరుగెత్తించే ఉత్సవాలతో దీనికి దగ్గరి పోలిక ఉంది. అయితే ‘సల్లి’ అంటే నాణేలు, ‘కట్టు’ అంటే మూట అన్న ప్రచారంలోని వ్యుత్పత్తిని అంగీకరిస్తే, కొమ్ముకు డబ్బు కట్టే చంద్రగిరి ఆచారమే ఆ మాటకు సన్నిహితం. పేరు వ్యుత్పత్తిలో సరిపోతూ స్వరూపంలో తప్పుతోంది.

ఇది కేవలం నిఘంటు సమస్య కాదు. 2014 మే 7న సర్వోన్నత న్యాయస్థానం జల్లికట్టును, ఎడ్లబండి పందేలను నిషేధించింది. 2017లో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర సవరణ చట్టాలు తెచ్చుకున్నాయి. వాటిని 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. ఆ మూడింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. తమిళ రూపానికి పశువైద్య పరీక్ష, ప్రేక్షకులకు కంచె వంటి రాతపూర్వక నిబంధనలు ఏర్పడ్డాయి. చంద్రగిరి రూపం పొరుగు పేరును మోస్తోంది గాని, ఆ పేరుకు దక్కిన రక్షణను పొందడం లేదు. పోలీసుల హెచ్చరికల మధ్య జరిగే పండుగలో ధిక్కారమే నిర్వహణగా మారే ప్రమాదం ఉంది.

5. వీరగాథ సరిపోతుందా?

పందేన్ని సాహిత్యం ఎలా స్వీకరించిందో చూడడం ఇక్కడ అవసరం. 1965లో టామ్ వుల్ఫ్, సారా రవాణాలో ఆరితేరి పందెగాడైన జూనియర్ జాన్సన్‌పై రాసిన ప్రసిద్ధ వ్యాసం అతణ్ని చివరి అమెరికన్ వీరుడిగా నిలబెట్టింది. నగర పాఠకుడికి తెలియని పల్లె నైపుణ్యానికి గౌరవం తెచ్చిన రచన అది. కాని వీరుడిపై వెలుగు పెరిగేకొద్దీ దుమ్ములో, కంచె పక్కన నిలిచిన వారి ప్రమాదం మసకబారుతుంది. పశువుల పండుగను పౌరుషానికి ప్రతీకగా మాత్రమే కీర్తించే రచనలకూ ఇదే పరిమితి వర్తిస్తుంది. కేవలం గాయపడినవారి లెక్కగా చూపే వార్తాకథనం మరో కొసన ఉంది. రెండింటిలోనూ వర్ణన లోపిస్తుంది.

ఇందుకు దారిదీపం తెలుగు మౌఖిక సంప్రదాయంలోనే ఉంది. కనుమనాడు మొక్కులందుకునే కాటమరాజు కథలో యుద్ధానికి మూలం మేత హక్కుపై కుదిరిన ఒడంబడిక. కరవులో పచ్చిక లేనప్పుడు పుల్లరి చెల్లించాలా, లేదా అన్న వివాదం నెల్లూరు నల్లసిద్ధితో పోరుగా పరిణమించింది. తంగిరాల వెంకటసుబ్బారావు సంపాదకత్వంలో వెలువడిన కాటమరాజు కథలను ఈ కోణంలో చదివితే, పశుపాలకుల వీరగాథ గర్భంలో నియమ వ్యాఖ్యానపు తగవు కనిపిస్తుంది. ఒప్పందపు మాట ఒకటే. దాని అర్థాన్ని నిర్ణయించేదెవరన్నదే పోరు.

6. పోలికకు హద్దు

కారుకు నొప్పి లేదు, పశువుకు ఉంది. చోదకుడు తన ఇష్టంతో పందెంలో దిగుతాడు; పశువు అంగీకారాన్ని అడిగే భాష లేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం నుంచి 2014 తీర్పు వరకు ఉన్న వాదానికి ప్రాణం ఇదే. ‘సంప్రదాయం’ అన్న ఒక్కమాట దానికి జవాబు కాదు. ఉదయం ఉప్పుచెక్క తినిపించిన చేయి అదే పండుగలో పశువును కేకల మధ్యకు వదలడంలోని వైరుధ్యాన్ని పండుగ పక్షం వహించేవారు కూడా ఎదుర్కోవాలి. నిలిపివేయాలనేవారు సైతం తాము నిలిపివేస్తున్నది ఏ రూపాన్నో తెలుసుకొని మాట్లాడాలి.

7. ముగింపు

షార్లెట్ అనుభవం రెండు సంగతులు చెబుతుంది. రాసిన నియమం క్రీడను బతికిస్తుంది. రాసేవాడి చేతిలో పెడుతుంది. చంద్రగిరిలో నియమం ఆచారంలో ఉంది గాని కాగితంపై లేదు. కనుక న్యాయస్థానం ముందు దానికి గొంతు లేదు. జానపద విజ్ఞాన పరిశోధకులు చేయవలసిన పని ఇక్కడే ఉంది. ఏ పశువును వదలరు, ఎవరు వద్దంటే ఆగుతారు, గాయపడిన పశువు బాధ్యత ఎవరిది, వీధికి హద్దు ఎక్కడ అన్న ప్రశ్నలతో ఊరూరా ఆచారాన్ని నమోదు చేయాలి. అలా నమోదైనప్పుడే దేన్ని మార్చాలో, దేన్ని మానాలో, దేన్ని నిలపాలో ఊరివారితో కలిసి తేల్చడం సాధ్యం. ఊరు చెప్పకుండా రాసిన నియమం డన్నవే స్ప్రింగులను చూసినట్లే పండుగను చూస్తుంది: దోషాన్ని పట్టుకుంటుంది, దాని వెనుక ఉన్న బతుకును చూడదు.