వృత్తాంతమా, రుజువా? ద్వీపదేశాలకు తెలుగు స్త్రీల ఒంటరి ప్రయాణం – విమర్శ కొలమానాలు

బీచుపల్లి వద్ద జాతీయ రహదారి 44 కృష్ణానదిని దాటుతుంది. ఒడ్డున ఆంజనేయస్వామి ఆలయం ఉంది. అక్కడికి ఎగువన, జూరాల ప్రాజెక్టుకు దిగువన, నది పాయల నడుమ గుర్రంగడ్డ అనే గ్రామం ఉంది. కోస్తా జిల్లాల వాడుకలో ఇటువంటి చోటును లంక అంటారు. దశాబ్దాల పాటు ఆ ఊరి స్త్రీలు సంతకు, ఆసుపత్రికి, పుట్టింటికి పుట్టిలోనో మరపడవలోనో ఏరు దాటారు. జూరాల గేట్లు ఎత్తినప్పుడల్లా ఆ దారీ మూసుకుపోయేది. ఈ రాకపోకలను ఎవరూ యాత్ర అనలేదు. నది చూడవచ్చినవారికి మాత్రం అదే గడ్డ సుందర దృశ్యం. తెలుగు యాత్రాసాహిత్య విమర్శ ఏ ప్రయాణాన్ని లెక్కలోకి తీసుకుంటుంది, దేనిని వదిలేస్తుంది అన్న ప్రశ్నకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

తెలుగు పాఠకుడికి ద్వీపం అనగానే మొదట తోచేది లంకే. ఆంజనేయుడు ఒంటరిగా సముద్రం దాటి వెళ్ళాడు. సీతను ఎత్తుకుపోయారు. హనుమంతుడు తిరిగి రాగానే అందరూ చుట్టూ చేరి వృత్తాంతం అడిగారు. సీతను మాత్రం ఆ ద్వీపం విడవకముందే రుజువు అడిగారు. పదహారో శతాబ్దపు మొల్ల తన రామాయణంలో కిష్కింధాకాండను క్లుప్తంగా ముగించి సుందరకాండకు విస్తారంగా చోటిచ్చింది. ఆ ద్వీపం మీద ఒక స్త్రీ కవి నిలిచిన తీరును గురించి ప్రత్యేక అధ్యయనం అవసరం. ఇక్కడ నా ప్రతిపాదన పరిమితమైనది. మగవాడి ప్రయాణం నుంచి వృత్తాంతాన్ని, ఆడదాని ప్రయాణం నుంచి రుజువును కోరే ఈ అలవాటు పురాణంతో ఆగిపోలేదు. అది యాత్రారచన విమర్శలోనూ కొనసాగుతున్నది.

భాషే దీనికి సాక్ష్యం. పురుషుడికి సంచారి, పరివ్రాజకుడు, దేశదిమ్మరి అన్న మాటలున్నాయి. చివరిదానిలో కాస్త చురక ఉన్నా అందులో మెచ్చుకోలూ కలిసే ఉంటుంది. స్త్రీ విషయంలో ‘తిరుగుబోతు’ అనే మాట నేరుగా తిట్టు. తిరిగి ఆడది చెడింది, తిరక్క మగవాడు చెడ్డాడు అన్న సామెత మన తరగతి గదుల్లో ఇంకా నవ్వు పుట్టిస్తూనే ఉంది. ‘ఒంటరి ఆడది’ అన్నప్పుడు వినేవారికి జాలో అనుమానమో కలుగుతుంది తప్ప దూరప్రయాణం గుర్తుకు రాదు.

తెలుగు స్త్రీ ద్వీపయాత్ర చర్చ సాధారణంగా పోతం జానకమ్మతో మొదలవుతుంది. ఆమె భర్త రాఘవయ్యతో కలిసి ఇంగ్లండు వెళ్ళింది. ‘పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్’ అనే పేరుతో 1876లో మద్రాసులో వెలువడిన ఆమె పుస్తకం తెలుగు నుంచి చేసిన అనువాదంగా తనను తాను పరిచయం చేసుకుంటుంది. సముద్రయానం మీద నిషేధపు ఊహ బలంగా ఉన్న రోజుల్లో ఇది సామాన్యమైన సంగతి కాదు. అయితే భర్త తోడు ఉన్నాడు గనుక ఇది ‘ఒంటరి’ యాత్ర కాదని కొట్టివేయడం ఎంత తేలికో, ‘తొలి’ అన్న కిరీటం పెట్టి పక్కకు జరిగిపోవడమూ అంతే తేలిక. పుస్తకం పేరులోని ‘చిత్రాలు’ అన్న మాట మీద ఆగాలి. చూపించదగినవాటిని ఏరి, సభ్యంగా అమర్చి, ఇంట్లో ఉన్నవారి ముందు పెట్టే చూపు అది. అడగకముందే ఇచ్చిన రుజువు కూడా అందులో కొంత ఉందని నా అభిప్రాయం.

కాని జానకమ్మ ఓడ ఎక్కేనాటికే వేరే తెలుగు స్త్రీలు సముద్రం దాటి ఉన్నారు. 1834 తరువాత మారిషస్ చెరకు తోటలకు సాగిన ఒప్పంద కూలీల వలసలో తెలుగువారు ఎందరో ఉన్నారు. కోరంగి రేవు పేరు మీదనే అక్కడ వారికి ‘కోరింగీలు’ అన్న పేరు వచ్చింది. మద్రాసు నుంచి ఫిజీకి ఓడలు 1903లో మొదలై 1916 వరకు నడిచాయి. నూరుమంది పురుషులకు నలభైమంది స్త్రీలు ఉండాలన్నది నియమం. ఫిజీ వలస చీటీలో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది గుర్తులు రాసేవారు. పెళ్ళయితే ఎవరితో అన్న గడి కూడా ఉండేది. బ్రిజ్ లాల్ ఇటువంటి చీటీలనే పరిశీలించి, పెద్దవయసు స్త్రీలలో సగానికి పైగా తోడు లేకుండా వచ్చినవారేనని చూపాడు. ఆయన లెక్క కలకత్తా నుంచి వెళ్ళిన ఉత్తరాదివారిది. దానిని తెలుగు స్త్రీలకు యథాతథంగా అన్వయించరాదు. అయినా ఒంటరిగా ద్వీపానికి చేరిన స్త్రీ మన కాలపు కొత్త మనిషి అనే మాటను మాత్రం అది నిలవనివ్వదు. ఆమె వృత్తాంతాన్ని ఎవరూ అడగలేదు. ఎత్తు, మచ్చ, వేలిముద్ర అడిగారు. మిగిలింది రుజువే.

కూలి కోసం వెళ్ళడం యాత్ర ఎలా అవుతుంది అని అభ్యంతరం రావచ్చు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు కలిసి ఉన్న పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఈ ప్రశ్నకు బరువెక్కువ. గుంపుమేస్త్రి వెంట ఆనకట్టలకు, కాలువలకు, నగరాలకు వెళ్ళిన ‘పాలమూరు లేబర్’ చూసినంత దేశాన్ని చూసిన యాత్రికులు తక్కువ. ఇష్టపడి వెళ్ళడానికీ గత్యంతరం లేక వెళ్ళడానికీ తేడా ఉంది. ఆ తేడాను చెరపాలని నేను అనడం లేదు. దారిని ఎవరు నిర్ణయించారు, తిరుగుదల ఎవరి చేతిలో ఉంది అన్న ప్రశ్నలు మాత్రం ఇద్దరు స్త్రీల విషయంలోనూ అడగవలసినవే. తోడుగా మగవాడున్నాడా లేడా అన్న ఒక్క గడితో విమర్శ తృప్తిపడితే అది వలస చీటీ రాసిన గుమాస్తా పనికంటే ముందుకు పోలేదు.

ఈనాటి ఒంటరి యాత్రికను చదవడానికీ ఇది పనికివస్తుంది. శ్రీలంకలో కాండీ నుంచి ఎల్లకు వెళ్ళే రైలు మార్గం అందానికి ప్రసిద్ధం. అటువంటి యాత్రలను రాసేటప్పుడు గది గడియ, చీకటి పడే వేళ, పక్క సీటు మనిషి గురించిన వివరాలు తప్పకుండా వస్తాయి. వీటిని దినచర్య వివరాలని విమర్శకులు తీసిపారేస్తారు. నా దృష్టిలో ప్రకృతి వర్ణన కంటే ఇవే విలువైనవి. నిర్ణయాలన్నీ తానే తీసుకునే మనిషి శ్రమ వాటిలో నమోదవుతుంది. అదే సమయంలో ఆ రైలు కిటికీలోంచి కనిపించే తేయాకు వాలు మీద స్త్రీలు ఆకు కోస్తుంటారు. వారిలో ఎక్కువమంది కంగాణీలు తీసుకువెళ్ళిన తమిళ కూలీల సంతతి. 1948 నాటి సిలోన్ పౌరసత్వ చట్టం వారి పూర్వులను దేశం లేనివారిని చేసింది. ఆకు కోసే స్త్రీని పచ్చదనంలో భాగంగా వర్ణించి సాగిపోయిన రచనలో ఒంటరితనం ఎంత ధైర్యమైనదైనా చూపు మాత్రం అరువుదే.

నువర ఎలియ దగ్గర సీత ఎలియలో సీతమ్మ గుడి, వాగు ఒడ్డున బండ మీద హనుమంతుడి పాదముద్రలని చెప్పే గుంటలు ఉన్నాయి. రామాయణ యాత్రల పేరిట మనవారు అక్కడికి గుంపులుగా వెళ్తారు. ఒక స్త్రీ ఒంటరిగా బందీగా గడిపిందని చెప్పే చోట ఒంటరిగా నిలబడిన యాత్రిక ఏమి రాస్తుంది, ఏమి రాయకుండా వదిలేస్తుంది అన్నది చదవవలసిన పాఠ్యం. ఆ పాఠ్యం పక్కన మారిషస్‌లోని మోకాలో మహాత్మా గాంధీ సంస్థ భద్రపరచిన వలస రిజిస్టర్లను, వాటిలోని ఛాయాచిత్రాలను కూడా పెట్టుకోవాలి. ఊరి పేర్లు ఇంగ్లీషు గుమాస్తా చెవికి అందినట్లుగా నమోదైన ఆ పుటలను చదవడానికి తెలుగు మాండలికాలు తెలిసిన పరిశోధకులే కావాలి.